వేరు కుంపటి పెట్టే ముందు

ఒరేయ్ కిరణ్,

నిన్న ఫోన్లో చెప్పినవి సగం నీకు అందలేదని అర్థమైంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. నాలుగు టీములు, ఒకటే కుబర్నెటీస్ క్లస్టర్ (యాప్‌లని కొన్ని మిషన్ల మీద కలిపి నడిపే వ్యవస్థ), టీముకో క్లస్టర్ అంటే బిల్లు చూసి మేనేజర్ వద్దన్నాడు, నేమ్‌స్పేసులు, అంటే అదే క్లస్టర్‌లో పేరుపెట్టి వేరుచేసిన భాగాలు, విడగొట్టి ఇచ్చినా గొడవలు ఆగలేదు అన్నావు. ఆగవురా. నేమ్‌స్పేస్ ఇవ్వడమంటే ఉమ్మడి కాపురంలో గది ఇవ్వడం, పొయ్యి మాత్రం అందరికీ ఒకటే. సీఆర్‌డీలు (కుబర్నెటీస్‌కి కొత్త రకం వస్తువులని నేర్పే నిర్వచనాలు) క్లస్టర్ మొత్తానికీ కలిపి ఉంటాయి కాబట్టి ఒక టీము సర్ట్-మేనేజర్ (సర్టిఫికెట్లు చూసుకునే టూలు, సొంత సీఆర్‌డీలతో వస్తుంది) పాత వెర్షన్ మీద ఉంటానంటే, ఇంకో టీము కొత్తది కావాలంటే, తలపట్టుకోవాల్సింది నువ్వే. వర్చువల్ క్లస్టర్ అంటే అదే ఇంట్లో వేరు కుంపటి పెట్టించడం. నీ పరిస్థితికి అదే సరైన దారి, నాకు అనుమానం లేదు.

లాఫ్ట్ ల్యాబ్స్ వాళ్లు 2021లో ఓపెన్‌సోర్స్‌గా ఇచ్చిన వీక్లస్టర్‌తో మొదలుపెట్టు, ఈ వర్చువల్ క్లస్టర్లు చేసే టూలు అదే. లోపల ఏం జరుగుతుందో ముందు బుర్రకెక్కించుకో, కమాండ్లు తర్వాత ఎలాగూ వస్తాయి. హోస్ట్ క్లస్టర్‌లో, అంటే మీ అసలు క్లస్టర్‌లో, ఒక నేమ్‌స్పేస్, అందులో ఒక పాడ్ (కుబర్నెటీస్ నడిపే అతి చిన్న యూనిట్). ఆ పాడ్‌లోనే టీముకి సొంత ఏపీఐ సర్వర్ (కమాండ్లు అందుకునేది), కంట్రోలర్ మేనేజర్ (అడిగినవి జరిగేలా చూసేది), డేటా దాచుకునే స్టోర్ ఉంటాయి, వేరే ఏం చెప్పకపోతే ఆ స్టోర్ ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్. టీము వాళ్లు డిప్లాయ్‌మెంట్ (ఈ యాప్ పాడ్లు ఇన్ని నడవాలని చెప్పేది) పెడితే అది ఆ లోపలి స్టోర్‌లోనే ఉంటుంది, హోస్ట్‌కి దాని సంగతే తెలీదు. దానిలోంచి పుట్టిన పాడ్‌ని మాత్రం సింకర్ అనేది హోస్ట్‌కి కాపీ చేస్తుంది, నోడ్ మీద, అంటే క్లస్టర్‌లోని ఒక మిషన్ మీద, దాన్ని నిలబెట్టేది హోస్ట్ షెడ్యూలరే.

ఇది కళ్లారా చూస్తేనే నమ్మకం కుదురుతుంది. లోపల డిఫాల్ట్ నేమ్‌స్పేస్‌లో 'వెబ్' అని ఒక పాడ్ పెట్టు, తర్వాత బయటికొచ్చి హోస్ట్‌లో పాడ్ల లిస్టు తియ్యి. 'వెబ్-ఎక్స్-డిఫాల్ట్-ఎక్స్-' అని, చివర నీ వీక్లస్టర్ పేరుతో కనిపిస్తుంది. పాడ్ ఒకటే, పేర్లు రెండు. రేపు అర్ధరాత్రి ఏదన్నా పడిపోయి లాగులు వెతకాల్సి వచ్చినప్పుడు ఈ పేరు చదవడం వచ్చి ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇక అసలు సంగతి. కుంపట్లు వేరైనా బియ్యం బస్తా ఒకటే, అంటే నోడ్లు అవే, సీపీయూ అదే, మెమరీ అదే, కెర్నల్ కూడా అదే. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వీక్లస్టర్ ఇచ్చేశాం, ఇక ఎవరి గోల వాళ్లది అనుకుంటారు, వారం తిరక్కుండా ఒక టీము లోడ్ టెస్ట్ పెట్టి అందరి మెమరీ మింగేస్తుంది. అందుకని ఎవరికీ కుబ్‌కాన్ఫిగ్ (క్లస్టర్‌లోకి వెళ్లే వివరాలుండే ఫైలు) ఇవ్వకముందే వీక్లస్టర్ డాట్ యామల్ అనే సెట్టింగుల ఫైల్లో పాలసీస్ కింద రిసోర్స్ కోటా (మొత్తం వాడకానికి హద్దు), లిమిట్ రేంజ్ (ఒక్కోదానికి హద్దులు, డిఫాల్ట్‌లు) రెండూ ఆన్ చెయ్యి. లిమిట్ రేంజ్ లేకుండా కోటా ఒక్కటే ఉంటే, ఎంత సీపీయూ, మెమరీ కావాలో చెప్పే రిక్వెస్టులు రాయని పాడ్లు హోస్ట్‌లోకి రావు, లిమిట్ రేంజ్ ఉంటే వాటికి డిఫాల్ట్ విలువలు అదే ఇస్తుంది. ఆ కోటా హోస్ట్ నేమ్‌స్పేస్‌లో ఉంటుంది కాబట్టి లోపల అడ్మిన్ అయినవాడు కూడా దాన్ని ముట్టుకోలేడు. ఇంకోటి, వీక్లస్టర్ సొంత పాడ్ కూడా ఆ కోటాలోంచే తింటుంది, లెక్క వేసేటప్పుడు దాని వాటా కలుపు.

ఏ పాడ్ దేనితో మాట్లాడొచ్చో చెప్పే నెట్‌వర్క్ పాలసీ కూడా అక్కడే ఉంది, అదీ పెట్టు. కానీ ముందు మీ క్లస్టర్‌లో సీఎన్ఐ, అంటే పాడ్లకి నెట్‌వర్క్ ఇచ్చే ప్లగిన్, ఏంటో చూడు. కాలికో, సిలియం అయితే పాలసీ పనిచేస్తుంది, ఒట్టి ఫ్లానెల్ అయితే పాలసీ రాసి ఉంటుంది, ఆపేవాడు ఉండడు. అలాగే ప్రివిలేజ్డ్ పాడ్లు (నోడ్ మీద దాదాపు పూర్తి అధికారం ఉన్నవి) నడవకుండా హోస్ట్ నేమ్‌స్పేస్‌కి పాడ్ సెక్యూరిటీ లేబుల్ కనీసం 'బేస్‌లైన్' అనే స్థాయిలో పెట్టు. బయటి కస్టమర్ల కోడ్ నడపాల్సి వస్తే మాత్రం వాళ్లకి నోడ్లే వేరుగా ఇవ్వాలి, ఈ విషయంలో నా మాట విను, ఖర్చు అని వెనకాడకు. ఇంకోటి, ఇంగ్రెస్‌లు (బయటి వెబ్ ట్రాఫిక్‌ని లోపలికి పంపే నియమాలు) మామూలుగా హోస్ట్‌కి సింక్ కావు, అదే యామల్‌లో సింక్, టూహోస్ట్ కింద ఆన్ చేసుకోవాలి.

నాకు జరిగింది ఒకటి చెప్తాను. పాత కంపెనీలో ఉన్నప్పుడు వీక్లస్టర్ కనెక్ట్ కొట్టి లోపల పని చేసుకుంటూ, మధ్యలో వేరే విండోలో డిస్‌కనెక్ట్ కొట్టాను. కాంటెక్స్ట్, అంటే కమాండ్లు ఏ క్లస్టర్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగు, హోస్ట్‌కి మారిపోయింది, నేను ఇంకా లోపలే ఉన్నాననుకుని ఒక నేమ్‌స్పేస్ డిలీట్ చేశాను. లోపల అది ఖాళీ నేమ్‌స్పేసే, హోస్ట్‌లో అదే పేరుతో ఉన్నది ఇంకో టీము వీక్లస్టర్ మొత్తం. మూడు రోజులు పట్టింది మళ్లీ నిలబెట్టడానికి, ఆ టీములో ఒకమ్మాయి రెండు రాత్రులు నాతోపాటు మేలుకుంది. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది. కనెక్ట్ కొట్టినా, డిస్‌కనెక్ట్ కొట్టినా కాంటెక్స్ట్ మారుతుంది, తెరిచి ఉన్న అన్ని విండోలకీ ఒకేసారి మారుతుంది. కాబట్టి ఒక్కో వీక్లస్టర్‌కి వేరే కుబ్‌కాన్ఫిగ్ ఫైలు తీసిపెట్టుకో, టెర్మినల్ ప్రాంప్ట్‌లో కాంటెక్స్ట్ పేరు కనపడేలా పెట్టుకో. హోస్ట్‌లో నేమ్‌స్పేసులకి లోపల ఎవరూ పెట్టుకోని పేర్లు పెట్టు, ముందు 'వీసీ-' తగిలించినా చాలు. నీ టీములో ఇంకెవరికైనా హోస్ట్ యాక్సెస్ ఉంటే వాళ్లకీ ఇదే చెప్పు.

ముందు లాప్‌టాప్‌లో కైండ్ (లాప్‌టాప్‌లోనే కుబర్నెటీస్ నడిపే టూలు) మీద ఒక వీక్లస్టర్ లేపు. దాన్ని పాడుచెయ్యి, డిలీట్ చెయ్యి, డిలీట్ చేస్తే స్టోర్ కూడా పోతుందో లేదో నువ్వే చూసుకో, డిలీట్ కమాండ్‌కి కీప్-పీవీసీ (స్టోర్ ఉన్న డిస్కుని ఉంచమని చెప్పే ఆప్షన్) పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి. తర్వాత నాలుగు టీముల్లో ఏది ఓపికగా ఉంటుందో ఆ ఒక్కదానికే ఇచ్చి రెండు వారాలు చూడు. యామల్ రాశాక నాకు పంపు, ఆదివారం పొద్దున పిన్ని టిఫిన్ పెట్టేలోపు ఇద్దరం కూర్చుని లైన్ లైన్ చూద్దాం.

మీ బాబాయి