రాజ్మా గింజలతో అమెరికా ఎన్నికల ప్రచారం

ఏడెనిమిది తరగతుల పిల్లలకు అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రచారం ఆటలతో అర్థమయ్యేలా చెప్పొచ్చా అని అడిగారు. తప్పకుండా చెప్పొచ్చండి, న్యూజెర్సీలో మా చుట్టుపక్కల పిల్లలు ఎనిమిదిమందితో 2024 ఎన్నికల ముందు నేను ఆడించాను.

మొదటిసారి నేనే తప్పు చేశాను. ఎనిమిది రాష్ట్రాలు గీసి, అన్నిచోట్లా ఇద్దరు అభ్యర్థులూ సమానమే, ఎక్కువ గింజలున్న జట్టుదే ఆ రాష్ట్రం అని చెప్పి గింజలు పంచితే రెండు జట్లూ కాలిఫోర్నియా మీదే కుమ్మరించాయి, 54 ఎలక్టోరల్ ఓట్లు కదా మరి. (అధ్యక్షుణ్ని ఎన్నుకోవడానికి ఒక్కో రాష్ట్రానికి ఉండే ఓట్లు ఇవి; దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ అక్కడ గెలిచినవాళ్లకే అవన్నీ దక్కుతాయి.) అది ప్రచారంలా లేదు, వేలంపాటలా ఉంది.

మళ్లీ ఆడినప్పుడు కాలిఫోర్నియాలో డెమోక్రాట్లకీ, టెక్సస్‌లో రిపబ్లికన్లకీ అక్కడ వాళ్లదే బలం కాబట్టి ముందే 30 గింజలు పెట్టేశాను. ఎటైనా మొగ్గే పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా ఖాళీ. ఒక్కో జట్టుకి రౌండ్‌కి ఎనిమిది గింజలు, మొత్తం మూడు రౌండ్లు, ఒక్కో గింజ అంటే అభ్యర్థి ఒక రోజు పర్యటన. ఎవరెక్కడ పెడుతున్నారో కనబడకుండా పేపర్ కప్పులు బోర్లించి, అందరూ పెట్టాక ఒకేసారి ఎత్తాలి. రిపబ్లికన్ జట్టులో ఒకబ్బాయి 54 చూసి ఆగలేక మొదటి రౌండ్ గింజలన్నీ కాలిఫోర్నియాలో పెట్టేశాడు. కప్పులు ఎత్తగానే పెన్సిల్వేనియాలో అవతలివాళ్లవి ఐదు, తమవి సున్నా. ఆ మొహం చూడాలి! నేను ఒక్క ముక్క చెప్పకుండానే, గెలవలేని చోటికీ, ఎలాగూ గెలిచే చోటికీ వెళ్లకూడదని వాడే జట్టుకి చెప్పడం మొదలుపెట్టాడు.

ఇంకో నియమం కూడా పెట్టండి, విరాళాలది. ఒక రౌండ్‌లో రెండు గింజలు వదులుకుంటే తర్వాతి రౌండ్‌లో ఐదు వస్తాయి. అభ్యర్థులు ఓట్ల కోసం కాకపోయినా డబ్బు కోసం కాలిఫోర్నియాకి ఎందుకు వెళ్తారో అప్పుడు తెలుస్తుంది.

లెక్కలు మాత్రం ఆట అయ్యాకే చెప్పండి, ముందు చెబితే వినరు. 2016లో హిల్లరీ క్లింటన్‌కి దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు వచ్చినా ఓడిపోయారు, మిషిగన్ పోయింది 11 వేల లోపు తేడాతోనే అని చెబితే పిల్లలు లేచి మ్యాప్ దగ్గరికి వచ్చేశారు. ఆన్‌లైన్‌లో, పిల్లలకు పౌరశాస్త్రం నేర్పే ఐసివిక్స్ అనే సంస్థ వాళ్ల ఉచిత ఆట కూడా ఉంది, బాగుంటుంది గానీ ముందు చేత్తో ఆడించండి.

ఒక ప్రశ్నకి మాత్రం సిద్ధంగా ఉండండి. "మరి మన న్యూజెర్సీకి ఎవరూ రారా ఆంటీ?" అని ఒక పాప అడిగింది. ఇక్కడ ఫలితం ముందే తేలిపోయినట్టు ఉంటుంది కాబట్టి పెద్దగా రారమ్మా అన్నాను. జట్టువాళ్లు వద్దంటున్నా చివరి గింజ న్యూజెర్సీలోనే పెట్టింది.