కూలెంట్ డబ్బాలో ఆయిల్ తేలితే హెడ్డు దించాల్సిందేనా?

ప్రశ్న: మాది 2011 మోడల్ డీజిల్ కారు, 1.3 లీటర్ ఇంజన్. 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా కూలెంట్ డబ్బాలో గోధుమరంగు మడ్డి తేలుతున్నది. గేజీ పుల్ల మీద ఆయిల్ శుభ్రంగానే ఉంది కానీ కొంచెం కొంచెం తగ్గుతున్నది. పొగ లేదు, వేడెక్కడం లేదు. మెకానిక్ చూసి ‘హెడ్ గాస్కెట్ పోయింది, హెడ్డు దించాలె’ అన్నాడు. వారానికి రెండుసార్లు హైదరాబాద్ పోయి రావాలి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: హెడ్డు ఇప్పుడే దించనివ్వకండి. హెడ్డు అంటే ఇంజన్ పైభాగం, హెడ్ గాస్కెట్ అంటే దానికీ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు. మీరు రాసిన లక్షణాలన్నీ ముందు ఆయిల్ కూలర్ వైపే చూపిస్తున్నాయి.

ఈ ఇంజన్‌లో ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్‌కు ఆనుకొని పలకల దొంతరలాంటి చిన్న కూలర్ ఉంటుంది. ఒక పలక సందులో ఆయిల్, పక్క సందులో కూలెంట్ పారుతుంటాయి. ఆ రెంటికీ మధ్య ఉన్నది పలుచని లోహపు గోడే. ఏళ్ల తరబడి కూలెంట్ మార్చకుండా బోరు నీళ్లతో నింపుకుంటూ వస్తే ఆ గోడ తుప్పు తిని చిల్లు పడుతుంది. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ బోరు నీళ్లలో ఎంత సున్నముంటుందో ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగు చూస్తేనే తెలుస్తుంది. అదే పొర ఇంజన్ లోపలా పేరుకుంటుంది.

ఆయిల్ నీళ్లలోకి వచ్చింది, నీళ్లు ఆయిల్‌లోకి పోలేదు. ఎందుకు? బండి రోడ్డు మీద నడిచేటప్పుడు ఆయిల్ పీడనం 3, 4 బార్ల దాకా ఉంటుంది, అంటే టైరులో గాలి కన్నా ఎక్కువ. కూలెంట్ పీడనం మూత ఆపినంత వరకే, దాదాపు 1 బార్. చిల్లు ఉంటే ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకే పోతుంది. ఇంజన్ ఆపగానే లెక్క తిరగబడుతుంది. ఆయిల్ పీడనం సున్నాకు పడిపోతుంది, వేడి కూలెంట్ మాత్రం ఇంకా నెడుతూనే ఉంటుంది. అందుకే గేజీ పుల్లను పొద్దున ఇంజన్ స్టార్ట్ చేయకముందే చూడాలి. ఆయిల్ మజ్జిగలా తెల్లబడినా, మట్టం పెరిగినా బండి కదిలించకండి, నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది. అనుమానముంటే ఆరుబయట పాత గరిటెను వేడి చేసి, మంట ఆపేసి, ఒక్క చుక్క ఆయిల్ వేయండి. చిటపటమంటే నీళ్లున్నట్టే.

మొదట డబ్బాలో ఉన్నది నిజంగా ఆయిలేనా అన్నది తేల్చుకోండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక మూత తీసి, పారదర్శకమైన సీసాలోకి అర లీటర్ కూలెంట్ తీసి, ఒక రాత్రి కదపకుండా పెట్టండి. తెల్లారి పైన నల్లగానో గోధుమరంగుగానో పొర తేలి, వేళ్ల మధ్య రుద్దితే జారుతుంటే అది ఆయిలే. అడుగున ఎర్రమట్టిలా కూర్చుంటే తుప్పు. ఆటోమేటిక్ గేరు బండి అయితే గులాబీరంగు మీగడ కడుతుంది. అది గేరు ఆయిల్, దాని కూలర్ చాలా కార్లలో రేడియేటర్ లోపలే ఉంటుంది.

ఇక హెడ్ గాస్కెట్ సంగతి. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే రేడియేటర్ పై గొట్టం రాయిలా గట్టిపడటం, డబ్బాలో ఆగకుండా బుడగలు, తెల్లపొగ, ఇవి కనిపిస్తే గాస్కెట్ మీద అనుమానం పెరుగుతుంది. మీకు ఇవేవీ లేవు. అయినా గాస్కెట్ ఆయిల్ దారికీ నీటి దారికీ మధ్య మాత్రమే తెగినా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి పూర్తిగా కొట్టిపారేయలేం. అందుకే కూలర్‌ను ముందు విప్పించి చూడాలి. హెడ్డు పనితో పోలిస్తే అది చాలా చిన్న పని.

పరీక్ష ఇలా: కూలర్‌ను విడిగా తీయించి, ఆయిల్ రంధ్రాల్లో ఒకదాన్ని రబ్బరు ముక్క, రేకుతో బిగించి మూయాలి. రెండోదాని నుంచి 3 బార్ల గాలి ఎక్కించి, 70 డిగ్రీల దాకా వేడి చేసిన నీళ్ల బకెట్‌లో ముంచాలి. సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టే. కూలెంట్ రంధ్రం నుంచి బుడగలు వస్తే దొంగ దొరికినట్టే. చల్లని నీళ్లలో చూసి ‘బాగానే ఉంది’ అంటే ఒప్పుకోకండి, వేడికి లోహం సాగినప్పుడే తెరుచుకునే పగుళ్లు ఉంటాయి. పది నిమిషాలైనా ముంచి ఉంచమనండి. చిల్లు తేలితే కొత్త కూలర్, కొత్త సీళ్లు వేయించాలి. అతుకు పెట్టించవద్దు.

కూలర్ బాగుందని తేలితేనే హెడ్డు దించండి. అప్పుడు గాస్కెట్ మార్చి ఊరుకోకుండా స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు పట్టీ), ఫీలర్ గేజ్ (సన్నని ఉక్కు ఆకుల కట్ట)తో హెడ్డు వంపు చూడాలి (0.05 మిల్లీమీటర్ల ఆకు దూరిందంటే ఆలోచించాల్సిందే). పగుళ్ల కోసం హెడ్డుకు ప్రెషర్ టెస్ట్ కూడా చేయించాలి.

కడగడం రిపేరు తర్వాతే. ముందే కడిగితే ఆనవాళ్లు పోతాయి, నాలుగు రోజుల్లో మళ్లీ మడ్డి వస్తుంది. పాత కూలెంట్ దించి, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే కవాటం) తీసి, నురుగు తక్కువ వచ్చే డిష్‌వాషర్ పౌడర్‌ను వేడినీళ్లలో పూర్తిగా కరిగించి పోయాలి. గిన్నెలు తోమే మామూలు సబ్బు వద్దు. నురుగులో గాలి చిక్కి ఇంజన్ అక్కడక్కడా కాగిపోతుంది. హీటర్ ఫుల్‌లో పెట్టి, ఇంజన్ వేడెక్కాక పదిహేను నిమిషాలు నడిపి, చల్లారనిచ్చి దించాలి. ఇలా మూడు నుంచి ఐదుసార్లు. ఆ పౌడర్ అల్యూమినియంను తింటుంది, రాత్రంతా లోపల వదిలేయవద్దు. ఆ తర్వాత నీళ్లు తేటగా వచ్చేదాకా మామూలు నీళ్లతో, చివర డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. కిరోసిన్, డీజిల్ పోసి కడగడం కొన్ని షెడ్లలో కనిపిస్తుంది. దయచేసి అలా చేయనివ్వకండి, గొట్టాలు పాడవుతాయి, నిప్పు ప్రమాదం కూడా.

గొట్టాలను చేత్తో నొక్కి చూడండి. కూలెంట్ గొట్టాల రబ్బరుకు ఆయిల్ పడదు. క్లిప్పు దగ్గర ఉబ్బి, నానిన అప్పడంలా మెత్తగా తగిలితే మార్చాల్సిందే. చాలామంది ఇక్కడే పొదుపు చేస్తారు, మే నెలలో నార్కట్‌పల్లి దాటాక హైవే మీద గొట్టం పగిలితే ఈసారి హెడ్డు నిజంగానే వంగుతుంది. థర్మోస్టాట్, డబ్బా మూత కూడా కొత్తవి వేయించండి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం నింపి, లోపల చిక్కిన గాలి తీయించండి. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ కూడా అప్పుడే మార్చాలి. మొదటి 500 కిలోమీటర్లలో డబ్బాలో సన్నని జిడ్డు మెరుపు కనిపిస్తే భయపడకండి, మూలల్లో మిగిలిందే. అది రోజురోజుకూ పెరుగుతుంటే మాత్రం మళ్లీ చూపించాలి.

దించిన కూలెంట్‌ను కాలువలో, రోడ్డు పక్కన పోయకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు, పశువులు తాగి చనిపోతాయి. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునేవారికి విడిగా చెప్పి ఇవ్వండి.

రిపేరు అయ్యేదాకా హైదరాబాద్‌కు బస్సులో వెళ్లండి.

ప్రశ్న: మాది పాత 800 సీసీ పెట్రోల్ కారు. ఆకుపచ్చ కూలెంట్ ఉండగా మొన్న ఎర్రది పోయించాను. ఇప్పుడు రేడియేటర్‌లో గోధుమరంగు జిగురు. ఇదీ ఆయిలేనా?
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: కాకపోవచ్చు. పడని రెండు రకాల కూలెంట్లు కలిస్తే ఇలాగే జిగురు కడుతుంది. పైన చెప్పిన సీసా పరీక్ష చేయండి. జిగురు పైకి తేలకుండా అంతటా వేలాడుతూ, జిడ్డు లేకుండా ఉంటే కడిగించి ఒకే రకం నింపితే సరిపోతుంది. నిజంగా ఆయిలే తేలితే, మీ చిన్న ఇంజన్‌కు ఆయిల్ కూలర్ ఉండదు కాబట్టి నేరుగా గాస్కెట్ వైపే చూడాలి.

ప్రశ్న: రేడియేటర్‌లో పసుపు వేస్తే లీకు ఆగుతుందంటారు. ఆయిల్ కలవడం కూడా ఆగుతుందా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఆగదు. పసుపు సన్న చిల్లును కాసేపు పూడుస్తుందేమో గానీ ఆయిల్‌తో కలిస్తే ముద్దకట్టి రేడియేటర్ సన్న గొట్టాలను, హీటర్‌ను మూసేస్తుంది. లీకు ఆపే పౌడర్లదీ ఇదే తీరు. ఇప్పటికే వేసి ఉంటే మెకానిక్‌కు ముందే చెప్పండి, ఆ ముద్దను చూసి ఆయిల్ అనుకునే అవకాశం ఉంది.