పక్షవాతం తర్వాత నడక: బయోఫీడ్‌బ్యాక్ పనిచేస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. ఐదు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. చేతికర్రతో నడుస్తున్నా కుడి పాదం నేలకు రాసుకుంటోంది, బరువంతా ఎడమ కాలి మీదే వేస్తున్నారు. ఫిజియోథెరపిస్ట్ బయోఫీడ్‌బ్యాక్ సూచించారు. కరెంటు పెడతారేమోనని నాన్నగారి భయం. ఇప్పుడు మొదలుపెట్టినా ఫలితం ఉంటుందా?

సమాధానం: ముందుగా ఆ భయం తీర్చండి. ఇందులో ఒంట్లోకి కరెంటు పంపరు. మోకాలి కింద కాలి ముందు భాగాన అంటించే ఎలక్ట్రోడ్లు, పాదాన్ని పైకెత్తే కండరంలో సహజంగా పుట్టే స్వల్ప విద్యుత్ సంకేతాలను గ్రహించి, వాటిని తెరపై గీతగానో బీప్ శబ్దంగానో చూపుతాయి. కండరాన్ని కరెంటుతో కదిలించే ఎలక్ట్రికల్ స్టిమ్యులేషన్ వేరే చికిత్స. దానికీ ఇలాంటి ఎలక్ట్రోడ్లే అంటిస్తారు కాబట్టి పొరబడటం సహజమే.

పక్షవాతం వచ్చిన చాలామందిలో కాలి బలంతో పాటు, ఆ కాలు ఎక్కడుందో, ఎంత బరువు మోస్తోందో తెలిపే స్పృహ కూడా మందగిస్తుంది. పాదం ఎత్తమని ఎన్నిసార్లు చెప్పినా, ఎత్తానో లేదో తనకే తెలియని మనిషి ఏం దిద్దుకోగలడు? పాదం కంటికి కదలకపోయినా తెరపై గీత కాస్త లేచిందంటే కండరం స్పందించిందని రోగికి అప్పటికప్పుడే తెలుస్తుంది, మళ్లీ ప్రయత్నించడానికి ఒక ఆధారం దొరుకుతుంది. బరువు విషయంలోనూ ఇంతే: రెండు పాదాల కింద ఒత్తిడిని కొలిచే పలకలపై నిలబెట్టి, ఏ కాలిపై ఎంత భారం పడుతోందో చూపిస్తారు.

పాదం పైకి లేవక కిందికి వేలాడే సమస్యకు ఈ పద్ధతిని 1970లలోనే పరీక్షించారు. ఆ తర్వాతి అధ్యయనాలను కలిపి చూస్తే, నిలబడటం, నడవడం వంటి పనుల్లో మామూలు ఫిజియోథెరపీ కంటే కొంత ఎక్కువ మెరుగుదల కనిపించింది, అయితే వాటిలో చాలావరకు చిన్న అధ్యయనాలే. నా అభిప్రాయంలో అసలు తేడా సాధన చేయించే తీరులో ఉంటుంది. కుర్చీలో కూర్చుని గీతను లేపడం నేర్చినంత మాత్రాన నడక మారదు, నడుస్తూనే సాధన చేయించాలి. పైగా బీప్ లేనిదే అడుగు పడని స్థితి రాకుండా, ఆ సంకేతాన్ని క్రమంగా తగ్గించుకుంటూ రావాలి.

కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుందన్నది నిజమే కానీ, ఐదు నెలలకు తలుపులు మూసుకుపోవు. పిక్క బాగా బిగుసుకుపోయినా, ఒక పక్క చూపు లేకపోయినా, సూచనలు అర్థం చేసుకోలేకపోయినా ముందు వాటి సంగతి చూడాలి. పాదానికి స్ప్లింట్ (ఆసరాగా కట్టే పట్టీ) ఇచ్చి ఉంటే, సొంతంగా మానేయవద్దు.

మొదలుపెట్టే ముందు పది మీటర్లు నడవడానికి ఎంత సమయం పడుతోందో రాయించుకోండి. కొన్ని వారాల తర్వాత మళ్లీ కొలిచినప్పుడు తేడా లేకపోతే, ఆ సమయాన్ని మామూలు నడక సాధనకే కేటాయించమని ఫిజియోథెరపిస్ట్‌ను అడగండి.