777 కొట్టే ముందు టెంప్ ఫోల్డర్ సంగతి చూడు తమ్ముడూ

తమ్ముడూ,

నీ స్క్రిప్ట్ చూశాను. మేక్‌టెంప్‌తో (తాత్కాలిక ఫైల్ చేసే కమాండ్) టెంప్ ఫోల్డర్‌లో ఫైల్ చేసి అందులో రిపోర్ట్ రాసి ఎంవీతో (ఫైల్‌ని వేరే చోటికి జరిపే కమాండ్) వెబ్ ఫోల్డర్‌లోకి తోస్తున్నావు, బ్రౌజర్‌లో 403, అంటే అనుమతి లేదనే ఎర్రర్ వస్తోంది, అవునా? సర్వర్‌ది ఏం తప్పు లేదురా. మేక్‌టెంప్ ఫైల్‌ని 600 పర్మిషన్‌తోనే పుట్టిస్తుంది, అంటే ఓనర్ తప్ప ఇంకెవరూ, వేరే యూజర్‌గా నడిచే వెబ్ సర్వర్ కూడా, చదవలేరు, టెంప్ అందరూ వాడే చోటు కాబట్టి అది కావాలనే అలా పెట్టారు. ఎంవీ చేస్తే ఆ 600 కూడా ఫైల్ వెంటే వస్తుంది. యూమాస్క్ (కొత్త ఫైల్‌కి ఏ పర్మిషన్లు ఇవ్వకూడదో చెప్పే సెట్టింగ్) 022 పెట్టాను కదా అంటావేమో, యూమాస్క్ పర్మిషన్లు తీసేస్తుందే గానీ లేనివి తెచ్చి ఇవ్వదు.

అందుకని ఎంవీకి ముందు చ్‌మాడ్ (పర్మిషన్లు మార్చే కమాండ్) 644 అని ఒక్క లైన్ పెట్టు, అంటే రాయడం ఓనర్‌కే, చదవడం అందరికీ, చాలు. ఇంకా మంచిది చెప్పనా, ఆ లైన్ ఉంచుతూనే, మేక్‌టెంప్‌కి మైనస్ పీ (ఏ ఫోల్డర్‌లో చెయ్యాలో చెప్పే ఆప్షన్) ఇచ్చి టెంప్ ఫైల్‌ని ఆ వెబ్ ఫోల్డర్‌లోనే చెయ్యి. చాలా సిస్టమ్స్‌లో టెంప్ వేరే ఫైల్‌సిస్టమ్ (విడి డిస్క్ భాగం లాంటిది), అక్కడ్నుంచి ఎంవీ అంటే లోపల కాపీ చేసి పాతది డిలీట్ చెయ్యడమే, పెద్ద ఫైలైతే మధ్యలో ఎవరైనా ఓపెన్ చేస్తే సగమే కనిపిస్తుంది. ఒకే ఫైల్‌సిస్టమ్ అయితే పేరు మారడమే, క్షణంలో అయిపోతుంది.

ఎవరో చెప్పారని టెంప్ ఫోల్డర్‌కి 777 (అందరికీ అన్ని పర్మిషన్లు) మాత్రం కొట్టకు, ప్లీజ్. దానికి ఉండాల్సింది 1777. ఎల్ఎస్ మైనస్ ఎల్‌డీ (ఫోల్డర్ పర్మిషన్లు చూపే కమాండ్) కొట్టి చూడు, పర్మిషన్ అక్షరాల చివర్లో చిన్న టీ కనిపిస్తుంది, అదే స్టికీ బిట్, అది ఉంది కాబట్టే నీ ఫైల్‌ని పక్క యూజర్ డిలీట్ చెయ్యలేకపోతున్నాడు. ఇప్పటికే కొట్టేసి ఉంటే వెంటనే 1777 పెట్టెయ్.

ఇక టెంప్‌లోంచి రన్ అవ్వట్లేదన్న ఆ ఇన్‌స్టాలర్ గొడవ. ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చినా, సూడోతో (అడ్మిన్ హక్కులతో) రన్ చేసినా పర్మిషన్ డినైడ్ అంటోందంటే టెంప్‌ని నోఎగ్జెక్‌తో, అంటే అందులోంచి ఏ ప్రోగ్రామూ రన్ కాకుండా, మౌంట్ చేసి ఉంటారు, ఫైండ్‌ఎంఎన్‌టీ (మౌంట్ సెట్టింగ్స్ చూపే కమాండ్) కొడితే తెలిసిపోతుంది. అలాంటప్పుడు చ్‌మాడ్ ఎన్నిసార్లు చేసినా దండగే. ఆ సెట్టింగ్ సెక్యూరిటీ కోసం పెట్టింది, దాన్ని పీకకు. హోమ్‌లో 700తో (నీకు మాత్రమే అన్ని పర్మిషన్లు) ఒక ఫోల్డర్ చేసుకుని, టీఎంపీడిర్ వేరియబుల్‌ని (తాత్కాలిక ఫైళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పేది) ఆ ఒక్క కమాండ్ వరకు దానికి తిప్పు, చాలా ఇన్‌స్టాలర్లు అది చూసి అక్కడే పని చేసుకుంటాయి.

ముందు ఆ 644 లైన్ పెట్టి రన్ చేసి, ఎల్ఎస్ మైనస్ ఎల్ అవుట్‌పుట్ పంపు, అప్పటికీ 403 వస్తుంటే పై ఫోల్డర్ల పర్మిషన్లు చూద్దాం.

మీ అన్నయ్య