చారల పిల్లలు పుట్టలేదని కేసు వేయొచ్చా?

ప్రశ్న: నాకు పాములంటే ఇష్టం. ఏడాదిన్నర క్రితం బెంగళూరులో ఒకాయన దగ్గర బాల్ పైథాన్ జంటను 90 వేలకు కొన్నాను. రెండూ మామూలు రంగే. కానీ అవి ‘జెనెటిక్ స్ట్రైప్’ (వెన్ను మీద చార)కి హండ్రెడ్ పర్సెంట్ హెట్, అంటే ఆ జన్యువును కచ్చితంగా మోసేవి అనీ, జత కట్టిస్తే చారల పిల్లలు వస్తాయనీ చెప్పాడు. ఈమధ్య ఆడది ఐదు గుడ్లు పెట్టింది, ఐదూ పిల్లలయ్యాయి. ఒక్కదానికీ చార లేదు. అడిగితే నా నంబర్ బ్లాక్ చేశాడు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే డబ్బు వస్తుందా? బ్రీడింగ్‌కి లైసెన్స్ అక్కర్లేదని కూడా అన్నాడు. నిజమేనా?
– పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు పంపిన ఫొటోలు, చాట్ స్క్రీన్‌షాట్లు చూశాను. టిష్యూ పేపర్ మీద ఉండ చుట్టుకుని పడుకున్న ఐదు పిల్లలూ ముద్దుగానే ఉన్నాయి. నేను ఆగిపోయింది మాత్రం చాట్‌లో ఒక లైను దగ్గర. ‘బిల్లు అడగొద్దు బ్రో’ అని అతను రాశాడు. ‘ఓకే అన్నా, నో ప్రాబ్లం’ అని మీరు జవాబిచ్చారు. అతని మీద మీకున్న బలమైన సాక్ష్యం ఆ చాటే. మీ మీద ఉన్నదీ అదే.

ముందు మోసం సంగతి. మెడ నుంచి తోక దాకా వెన్ను మీద ఒకే గీతగా సాగే ఈ చార అంతర్గత లక్షణం. ఇంటర్లో బైపీసీ చదివి ఉంటే మెండెల్ బఠాణీలు గుర్తుకొస్తాయి, అదే లెక్క. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చార జన్యువులూ కలిస్తేనే చార పైకి కనిపిస్తుంది. ఒక్కటే ఉంటే పాము మామూలుగానే ఉంటుంది, దాన్నే మీవాళ్లు హెట్ అంటారు. హెట్‌ని హెట్‌తో జత కట్టిస్తే ప్రతి గుడ్డుకూ చార వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. రాకపోయే అవకాశం మూడు వంతులు. ఐదు గుడ్లలో ఒక్కటీ రాకపోవడానికి మూడు బై నాలుగుని ఐదుసార్లు హెచ్చవేయండి, దాదాపు 24 శాతం వస్తుంది. అంటే అతను నిజమే చెప్పినా, మీలాంటి నలుగురిలో ఇంచుమించు ఒకరికి ఇలాగే జరుగుతుంది.

అవతలి లాయరు ఈ లెక్క ఒక్కటి కమిషన్ ముందు పెడితే చాలు, మీ కేసు సగం పోతుంది. ఇదే జంట మూడు ఈతల్లో పదిహేను గుడ్లు పెట్టి ఒక్క చారా రాలేదనుకోండి, అదృష్టం బాగోలేదనే వాదనకు ఒకటిన్నర శాతం చోటు కూడా మిగలదు. అప్పుడు మోసం అనొచ్చు. ఒక్క ఈతతో అనలేం. కుబుసం పంపితే కొన్ని జన్యువులు పరీక్షించి చెప్పే ల్యాబులు అమెరికాలో ఉన్నాయి. అలాగని కవర్లో పెట్టి పోస్టు చేసేయకండి. ఈ జాతి కుబుసం దేశం దాటాలన్నా సైట్స్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) పర్మిట్ కావాలి.

ఇక అసలు సంగతి. బాల్ పైథాన్ మన పాము కాదు. ఘనా, టోగో, బెనిన్ లాంటి పశ్చిమ ఆఫ్రికా దేశాలది. అందుకే మన చట్టానికి దీంతో పనిలేదని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు ఆ మాటలో కొంత నిజం ఉండేది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972కి చేసిన 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక పరిస్థితి మారింది. సైట్స్ ఒప్పందంలోని జాతులు ఇప్పుడు ఈ చట్టం షెడ్యూల్ 4లో ఉన్నాయి. బాల్ పైథాన్ అక్కడ అపెండిక్స్ 2 కింద ఉంది. సెక్షన్ 49ఎం ప్రకారం అలాంటి ప్రాణి మీ దగ్గరుంటే చెప్పాలి, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా చెప్పాలి. దీని కోసం 2024 ఫిబ్రవరిలో రూల్స్ కూడా వచ్చాయి. అప్పటికే పెంచుతున్నవాళ్లకు ఆరు నెలల గడువు ఇచ్చారు. తర్వాత కొన్నవాళ్లకు, అంటే మీకు, చేతికొచ్చిన 30 రోజుల్లోపు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలన్నది నిబంధన.

మీరు చేయలేదు. పైగా ఐదు జననాలు కూడా లెక్కలో లేవు.

లైసెన్స్ అక్కర్లేదన్న మాట సగం నిజం. సెక్షన్ 49ఎన్ కింద బ్రీడర్‌గా అర్జీ పెట్టుకోవాల్సింది అపెండిక్స్ 1 జాతుల్ని పెంచి పిల్లలు తీయించేవాళ్లు. మీ పాము ఆ జాబితాలో లేదు. కానీ రిజిస్ట్రేషన్ లేకుండా ఉంచుకోవడం, అమ్మడం, పిల్లలు తీయించడం 49ఎంకు విరుద్ధమే. సెక్షన్ 51 కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మిగతా సగం అతను చెప్పలేదు.

ఇప్పుడు వినియోగదారుల కేసు. చట్టం దృష్టిలో పెంపుడు జంతువు కూడా సరుకే. లేని గుణం ఉందని చెప్పి అమ్మితే అడగొచ్చు. మీరుండే హైదరాబాద్‌లోనే వేయొచ్చు, ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా ఉండదు. గడువు రెండేళ్లు. కొన్న రోజు నుంచి లెక్కేసుకుంటే మీకు ఆరు నెలలు మిగిలాయి. అయితే మీ ఫిర్యాదు మొదటి పేరాలోనే ‘రిజిస్ట్రేషన్ లేని షెడ్యూల్ 4 పాముల్ని బిల్లు లేకుండా కొన్నాను’ అని మీరే సంతకం పెట్టి ఇచ్చినట్టవుతుంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 ఉండనే ఉంది, చట్టం కూడదన్న బేరానికి కోర్టు సాయం రాదు. చారల పిల్లల్ని అమ్ముకుందామని కొన్నారని తేలితే ‘వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడే కాదు’ అనే అభ్యంతరం కూడా వస్తుంది. అందుకే నా సలహా, కేసు ముందు కాదు, నమోదు ముందు.

అమ్మినాయనకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపించి అతని రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఉంటే మీ పని సగం తేలికవుతుంది. లేదంటే ఈ పాములు ఎక్కడివన్న ప్రశ్న వస్తుంది. చెన్నై ఎయిర్‌పోర్టులో బ్యాంకాక్ నుంచి వచ్చిన సూట్‌కేసుల్లో బాల్ పైథాన్లు దొరకడం మీరూ పేపర్లో చదివే ఉంటారు. అప్పుడు కస్టమ్స్ కూడా దిగుతుంది. ఆ ప్రశ్నకు లాయరుతో కలిసి జవాబు సిద్ధం చేసుకున్నాకే, కొన్న తేదీ, యూపీఐ చెల్లింపు, ఏడు పాముల ఫొటోలు, ఆలస్యానికి కారణం అన్నీ నిజంగా రాసి చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్‌కు తెలియజేయండి. ఆలస్యంగా చెప్తే కేసు ఉండదని నేను హామీ ఇవ్వలేను. 2020లో స్వచ్ఛందంగా వెల్లడించినవాళ్లను కాగితాలు అడగబోమన్న వెసులుబాటు ఇచ్చారు, ఆ తలుపు మూసేశారు. కానీ తనంతట తాను వచ్చి చెప్పినవాడినీ, తనిఖీలో దొరికినవాడినీ ఏ కోర్టూ ఒకేలా చూడదు. ఇది మన కొండచిలువ కాదని, బాల్ పైథాన్ అని వెటర్నరీ డాక్టరుతో రాయించుకుని దగ్గర పెట్టుకోండి. మన కొండచిలువ షెడ్యూల్ 1లో ఉంది, దాని శిక్ష వేరు. అధికారులు వచ్చిన మొదటి గంటలో ఆ గందరగోళం రాకపోతే మీకు చాలా టెన్షన్ తగ్గుతుంది.

ఈలోగా ఆ ఐదు పిల్లల్లో ఒక్కదాన్ని కూడా ఎవరికీ అమ్మకండి, స్నేహితుడికి ఊరికే కూడా ఇవ్వకండి. భయపడి చెరువు గట్టున వదిలేయడం అసలే వద్దు. రేపు రిజిస్ట్రేషన్ వచ్చి అమ్మే రోజొచ్చినా నోరు జాగ్రత్త. జంట నిజంగా హెట్టే అయినా చార కనిపించని పిల్ల హెట్ అయ్యే అవకాశం మూడింట రెండు వంతులే. ‘హండ్రెడ్ పర్సెంట్’ అన్నారంటే ఈసారి నాకు ఉత్తరం రాసేది మీ కొనుగోలుదారు.

చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. లాయరు దగ్గరికి ఫొటోలు తీసుకెళ్తే చాలు. ఆ మధ్య ఒకాయన ప్లాస్టిక్ డబ్బాతో సహా మా ఆఫీసుకొచ్చాడు, మా గుమాస్తా ఇప్పటికీ ఆ కుర్చీలో కూర్చోడు.