పక్కింటి పుంజు కూస్తే పంచాయితీ ఎవరి దగ్గర?

ఈసారి కోళ్ల ఉత్తరాలే ఎక్కువ వచ్చాయి. పెంచుకుంటాం అనేవాళ్లూ రాశారు, పెంచనివ్వకండి బాబోయ్ అనేవాళ్లూ రాశారు. రెండు రకాలూ పక్కపక్కనే వేస్తున్నాం, ఒకరి గోడు ఇంకొకరు చదువుకున్నట్టు ఉంటుంది.

ప్రశ్న: మాది సొంత ఇల్లు, వెనక కాస్త పెరడు ఉంది. పిల్లలకు నాటుగుడ్లు పెట్టొచ్చని నాలుగు కోళ్లు తెచ్చుకుందామంటే మా మరిది "టౌన్‌లో కోళ్లు పెంచితే కేసు రాస్తారు, లైసెన్స్ ఉండాలి" అని భయపెడుతున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ మరిది పౌల్ట్రీ ఫారం రూల్స్ ఎక్కడో విని మీ పెరటికి తగిలించినట్టున్నాడమ్మా. కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు, ఇళ్లకు 500 మీటర్ల దూరం లాంటివి 5 వేల కోళ్లు దాటిన ఫారాల కోసం రాసినవి. ఇంటి వాడకానికి నాలుగు పెట్టలు పెంచుకుంటే నేరం అనే చట్టం మనకు లేదు. గుడ్లు, కోళ్లు అమ్మడం మొదలుపెడితే మాత్రం అది వ్యాపారం అవుతుంది, అప్పుడు ట్రేడ్ లైసెన్స్ అడుగుతారు. మీ కార్పొరేషన్ సొంతంగా ఏదైనా నిబంధన పెట్టిందేమో ఒకసారి ఆఫీసులో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని అడగండి, నోటిమాటగా అడిగినా చాలు.

అసలు విషయం వేరే ఉంది. మన దగ్గర ఎన్ని కోళ్లు అనే లెక్క కంటే, వాటివల్ల పక్కవాళ్లకు ఇబ్బంది ఉందా లేదా అన్నదే చూస్తారు. కంపు, ఈగలు, కూత, ఈ మూడింటి మీదే ఫిర్యాదులు వస్తాయి. కూత సంగతి ఒక్క మాటలో తేల్చేయొచ్చు: పుంజును తేకండి. పుంజు లేకపోతే పెట్టలు గుడ్లు పెట్టవని చాలామంది అనుకుంటారు, అది తప్పు. గుడ్డు పిల్ల కావాలంటేనే పుంజు కావాలి, కూరకూ ఆమ్లెట్‌కూ అక్కర్లేదు. గుడ్ల కోసమే అయితే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరటి పెంపకానికే తయారుచేసిన గ్రామప్రియ మంచిది. వనరాజా గుడ్లకూ మాంసానికీ రెండింటికీ, కాకపోతే ఒళ్లు ఎక్కువ, గుడ్లు తక్కువ.

ఇక కంపు. ఒక పెట్ట రోజుకు సుమారు 100 గ్రాముల రెట్ట వేస్తుంది, అంటే నాలుగింటికి వారం తిరిగేసరికి మూడు కిలోల దాకా. పొడిగా ఉన్నంతవరకు దానితో పేచీ లేదు, తడి తగిలిందంటే మాత్రం వీధి చివరిదాకా తెలిసిపోతుంది. గూటి కింద నాలుగంగుళాల మందాన వరిపొట్టు పరిచి, తడిసిన చోట వెంటనే తీసేసి, కాస్త పొడిసున్నం చల్లుతూ ఉండండి. నీళ్ల గిన్నెను కోళ్లు తన్నేసే చోట పెట్టకుండా ఇటుక మీద ఎత్తులో పెడితే సగం తడి అక్కడే తగ్గిపోతుంది. ఈగ గుడ్డు ఈగ కావడానికి ఎండాకాలంలో వారం పదిరోజులు చాలు కాబట్టి వారానికి రెండుసార్లు ఎత్తి పోస్తే ఈగలు పుట్టే వీలుండదు. దాణా రాత్రిపూట బయట వదిలేస్తే ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి, అప్పుడు పక్కవాళ్లు ఊరుకోరు, ఊరుకోమనడం న్యాయమూ కాదు.

ప్రశ్న: మా పక్కింట్లో రెండు పందెం పుంజులు ఉన్నాయి. తెల్లవారుజామున మూడింటికే మొదలుపెడతాయి. నాకు బీపీ, నిద్ర లేక టెన్షన్‌తో చస్తున్నాను. అడిగితే "కోడి కూయక పాట పాడుతుందా" అంటున్నాడు. పోలీసుల దగ్గరికి వెళ్తే నవ్వి పంపించారు. నాకు దారి లేదా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, కాకినాడ

జవాబు: ఉందండి. నవ్వి పంపించడం మామూలే, ఎందుకంటే వాళ్లకు ఇది గొడవలా కనిపించదు. మీరు వెళ్లాల్సింది రెవెన్యూ వైపు. ఇలాంటి బహిరంగ ఇబ్బందిని తొలగించమని ఆదేశించే అధికారం ఆర్డీవోకు ఉంది. పాత నేర విచారణ చట్టం సీఆర్పీసీలో అది 133వ సెక్షన్, 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 152. కేరళలోని అడూర్‌లో 2025 ఫిబ్రవరిలో అచ్చం మీలాంటి కేసే నడిచింది. పక్కింటి పుంజు మూడింటికే కూస్తోందని, నిద్ర లేదని ఒక పెద్దాయన ఫిర్యాదు చేస్తే ఆర్డీవో ఇద్దరి వాదనా విని, స్థలం చూసొచ్చి, మేడ మీది కోళ్ల షెడ్డును 14 రోజుల్లో ఇంటికి దక్షిణం వైపు మార్చమని ఆర్డర్ ఇచ్చాడు. కోళ్లను తీసేయమనలేదు, చోటు మార్చమన్నాడు. మీరూ "పుంజులను ఊళ్లో లేకుండా చేయండి" అని రాస్తే పని జరగదు, "నా పడకగది కిటికీకి ఇన్ని అడుగుల దూరంలో కడుతున్నాడు, దూరంగా మార్పించండి" అని రాస్తే ఇద్దరికీ కుదిరే మార్గం దొరుకుతుంది.

అర్జీ మీద ఒక్క మీ సంతకమే కాకుండా వీధిలో మరో నలుగురివి ఉంటే బలం. ఆ సెక్షన్ నలుగురికీ కలిగే ఇబ్బంది కోసం పెట్టింది. మీ ఒక్కరికే బాధ అయితే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ అడగాలి, అది ఖర్చూ కాలయాపనా. శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 కూడా మీకు పనికొస్తాయి. నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పరిమితి 45 డెసిబెల్స్, అంతకు 10 లేదా ఎక్కువ దాటితే ఫిర్యాదు చేసే హక్కు ఉంది. పుంజు కూతను దగ్గర నుంచి కొలిస్తే వంద దాటుతుంది, గోడ అవతల మీ మంచం దగ్గర ఎంత అన్నదే ప్రశ్న. వారం రోజులు టైం రాసి, ఫోన్‌లో రికార్డు చేసి ఉంచండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే రసీదు కూడా దొరుకుతుంది, అది పారేయకండి.

పక్కింటాయనకు కూడా ఒక మాట, ఎలాగూ మీరు చదివి వినిపిస్తారుగా. పుంజు వెలుతురు చూశాకే కూయదు, దాని ఒంట్లోనే ఒక గడియారం ఉంటుంది, తెల్లవారడానికి రెండు గంటల ముందే అది మోగుతుంది. అయితే వీధిలైటు, బండి లైటు పడినా కూస్తుంది. రాత్రిపూట గాలి ఆడే, వెలుతురు దూరని గూట్లో మూసి పెట్టి, వీధిలైటుకు అడ్డంగా పట్టా కట్టి, ఆరు దాటాక తీస్తే పూర్తిగా మూగబోదు గానీ చాలావరకు తగ్గుతుంది. పందెం పుంజును పెంచడం నేరం కాదు. పందెంలో దింపితే మాత్రం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టమూ 1974 నాటి గేమింగ్ చట్టమూ రెండూ వర్తిస్తాయి, సంక్రాంతి మూడు రోజులకు అందులో మినహాయింపేమీ లేదు.

ఇంకో సంగతి, మీరు రాయలేదు గానీ ఇలాంటి గొడవల్లో కోపమొచ్చి దాణాలో మందు కలిపేవాళ్లున్నారు. ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌లోని 325వ సెక్షన్ ప్రకారం దానికి ఐదేళ్ల దాకా జైలు. నిద్ర లేని బాధ మీది, కేసు కూడా మీ మీదికే వస్తుంది.

ప్రశ్న: మా పాప ఏడిస్తే బజార్లో రంగు కోడిపిల్లలు కొన్నాం. మూడు బతికాయి, మూడూ పుంజులే! అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఉంచితే అసోసియేషన్ నోటీసిచ్చింది. కుక్కల్ని ఉంచనిస్తారు, కోళ్లను ఎందుకు ఉంచనివ్వరు?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మూడూ పుంజులే కావడంలో వింత లేదు. గుడ్ల కోళ్ల హేచరీల్లో మగపిల్లలు పనికిరావు కాబట్టి వాటికే రంగేసి అయిదుకూ పదికీ అమ్ముతారు. రంగు వారాల్లో ఊడిపోతుంది, కూత మాత్రం మిగులుతుంది. కుక్కలతో పోలిక కుదరదు. అపార్ట్‌మెంట్లలో పెంపుడు కుక్కలను నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఇచ్చింది, కోళ్లకు అలాంటి రక్షణ లేదు. టెర్రస్ అందరిదీ, కాబట్టి అక్కడికి ఎక్కించాలన్నా అందరి ఒప్పుదల కావాలి. అద్దె ఇల్లయితే అగ్రిమెంట్ కూడా చూసుకోండి. కాలికి తాడు కట్టి బాల్కనీ గ్రిల్‌కు వేలాడదీసినట్టు ఉంచడం పైన చెప్పిన 1960 చట్టం కింద క్రూరత్వమే. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, ఆ అంకె ఇప్పటికీ అక్కడే ఆగిపోయింది అనుకోండి, అయినా తప్పు తప్పే. ఊళ్లో పెరడున్న బంధువుల ఇంటికి పంపించేయండి. పాపకు ముందే చెప్పండి, ఆ బంధువులు వాటిని ఏం చేసుకున్నా తర్వాత అడగకూడదని.

ప్రశ్న: మళ్లీ బర్డ్ ఫ్లూ వస్తే మా పెరటి కోళ్లను కూడా పట్టుకుపోతారా? బాగున్నవాటిని వద్దనే హక్కు మాకు లేదా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: పట్టుకుపోతారు. 2025 ఫిబ్రవరిలో మీ వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో నిర్ధారణ అయినప్పుడు చూశారుగా. వైరస్ తేలిన చోటు నుంచి కిలోమీటరు లోపల ఫారం కోడీ పెరటి కోడీ అనే తేడా ఉండదు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. 2009 నాటి పశువ్యాధుల చట్టం ప్రకారం అడ్డుకోవడానికి లేదు. కానీ బృందం వచ్చి చంపిన ప్రతి కోడికీ పరిహారం ఉంటుంది, ముందే చచ్చిపోయినవాటికి ఉండదు. అందుకే ఒకేసారి రెండు మూడు కోళ్లు చనిపోతే గుట్టుగా కాలువలో పడేయకుండా వెంటనే పశువుల ఆస్పత్రిలో చెప్పండి. కొక్కెర తెగులు కూడా ఇలాగే ఊడ్చిపెడుతుంది, దానికి మాత్రం టీకా ఉంది, వేయించండి.

ప్రశ్న: అమ్మ ఇండియా నుంచి వచ్చింది, పెరట్లో కోళ్లు పెంచుదాం అంటోంది. ఇక్కడ కుదురుతుందా?
– ఒక పాఠకుడు, సియాటిల్

జవాబు: కుదురుతుంది. మీ సిటీలో మామూలు ఇంటి స్థలంలో ఎనిమిది దాకా పెంచుకోవచ్చు, పుంజును 2010 నుంచి నిషేధించారు, గూడు పక్కింటికి కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి. మీ కాలనీకి హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే సిటీ ఒప్పుకున్నా వాళ్లు కాదనొచ్చు, కాబట్టి ఆ కాగితాలు ముందు చదవండి. ఇక అమ్మగారు ఆర్నెల్లకు తిరిగొచ్చేస్తే జనవరి చలిలో గూడు కడిగేది ఎవరో అది కూడా ఇప్పుడే తేల్చుకోండి.