రింగులు మార్చినా నీలం పొగ: మెకానిక్ ట్రాక్టర్ ఇవ్వనంటే?

ప్రశ్న: లాయర్ గారూ, మాది పాలకొల్లు దగ్గర పల్లె. మూడెకరాల వరి. నా ట్రాక్టర్ నేనే నడుపుకుంటాను, తీరికుంటే ఊళ్లో వాళ్లకూ దమ్ము చేస్తాను. ఇంజన్ ఆయిల్ తాగుతోందని షెడ్డుకిస్తే పిస్టన్ రింగులు మార్చి 32 వేలు తీసుకున్నారు. బిల్లివ్వలేదు, ఫోన్‌పే చేశాను. పది రోజులకే మళ్లీ నీలం పొగ. తీసుకెళ్తే ‘పిస్టన్ ఆడే బోర్ అరిగిపోయింది, లోపల కొత్త తొడుగులు, అంటే స్లీవులు వేయాలి, ఇంకో 40 వేలవుతుంది’ అన్నారు. వద్దంటే బండి ఇవ్వడం లేదు. దాళ్వా దమ్ములు ముంచుకొస్తున్నాయి. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. ముందు బండి సంగతి. కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, పనిచేసినవారు తమ కూలి అందేదాకా వస్తువును ఉంచుకోవచ్చు. ఆ కూలి మీరు ఇచ్చేశారు. ఒప్పుకోని స్లీవుల పని కోసం బండిని ఆపడం చెల్లదు. ఈ మాటే రాసి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. అప్పటికీ ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేసే ఫిర్యాదుతో పాటే, కేసు తేలేలోపే బండి ఇప్పించమని మధ్యంతర ఉత్తర్వు అడగండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ కమిషన్‌కు ఆ అధికారం ఇచ్చింది.

ఇక అసలు తగాదా. ఇందులో తేలాల్సింది రింగులు కొత్తవా కాదా అని కాదు, అవి వేసేముందు బోర్ కొలిచారా లేదా అని. ఏళ్ల తరబడి తిరిగిన బోర్ పైభాగంలో ఎక్కువ అరిగి కోలగా అవుతుంది. గుండ్రటి కొత్త రింగు అందులో చుట్టూతా ఆనదు. ఆయిల్ పైకెక్కి కాలుతుంది, నీలం పొగ అదే. అందుకే బోర్ గేజీతో పైన, మధ్యన, కింద కొలవడం, రింగును బోర్‌లో దించి దాని కొసల మధ్య సందును ఫీలర్ గేజీతో చూడడం రింగుల పనిలో భాగమే. కొలవకుండా బిగించి ఉంటే అది సేవా లోపం. ఆ పని ముందే చేసి ఉంటే మీ 32 వేలు మిగిలేవి.

అవతలివాళ్లు ఒకటి అంటారు: ఎయిర్ క్లీనర్ సరిగా లేక దుమ్ము పోయి ఈ పది రోజుల్లోనే అరిగిందని. అలా జరగడానికీ ఆస్కారముంది. కాబట్టి ఎయిర్ క్లీనర్‌ను ఉన్నది ఉన్నట్టు ఫొటో తీయించండి. మరొకటి మీకే తెలియాలి. బోర్ అరిగింది, దాన్నీ బాగుచేయించాలని వాళ్లు మొదటే చెప్పినా, ఖర్చుకు జంకి రింగులతో సరిపెట్టమని మీరే అని ఉంటే కేసు బాగా పలచబడుతుంది. ఆ మాట మీ లాయరు దగ్గర దాచకండి.

మీ దమ్ము పనులు చూపించి ‘ఇది వ్యాపారం, మీరు వినియోగదారు కారు’ అని కూడా వాదిస్తారు. బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునే బండి వ్యాపార ప్రయోజనం కిందికి రాదని 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2019 చట్టంలో ఈ మినహాయింపు ఇచ్చే వివరణ కొన్న సరుకుల గురించే చెబుతుంది, సేవల గురించి కాదు కాబట్టి, రింగుల సెట్టు కూడా మీరు కొన్న సరుకేనని ఫిర్యాదులో తప్పక రాయించండి.

బిల్లు లేదని టెన్షన్ పడకండి. బిల్లివ్వకపోవడమే ఆ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. ఫోన్‌పే చెల్లింపు, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు అదే ఫోన్‌లో ఉంచండి. పాత రింగులుంటే అడిగి తీసుకోండి. బండి చేతికొచ్చాక తొందరపడి ఇంకో షెడ్డులో విప్పించొద్దు. విప్పితే సాక్ష్యం పోతుంది. సీజన్ ఆగదు, నిజమే. అందుకని తేదీ, సమయం చెప్పి మొదటి మెకానిక్‌కు కబురు పంపి, కంపెనీ సర్వీస్ ఇంజనీరు చేత విప్పించి, కొలతలు కాగితం మీద సంతకంతో తీసుకోండి. ఆ తర్వాత రిపేరు చేయించుకోవచ్చు.

గడువు రెండేళ్లు. ఐదు లక్షల లోపు చెల్లింపు కాబట్టి ఫీజు లేదు, మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. ఈలోగా దమ్ముకు బాడుగ ట్రాక్టర్ పెడితే రసీదు రాయించుకోండి. ఆ డబ్బూ అడగొచ్చు.